పాత డాస్ ప్రోగ్రాములకు ఏ డిస్‌ప్లే, ఏ సౌండ్ కార్డు పెట్టాలి?

పాత డాస్ (విండోస్‌కి ముందు పీసీలను నడిపిన సిస్టమ్) గేమో, ఎప్పటిదో డీబేస్ అనే డేటాబేస్ ప్యాకేజీయో ల్యాప్‌టాప్ మీద డాస్‌బాక్స్ లాంటి ఎమ్యులేటర్‌లో, అంటే పాత మెషిన్‌ని అనుకరించే ప్రోగ్రాములో, నడుపుదామని కూర్చుంటే ముందు ఎదురయ్యేది సెట్టింగుల పేజీ. డిస్‌ప్లే దగ్గర హెర్క్యులిస్, సీజీఏ, టాండీ, ఈజీఏ, వీజీఏ అని అయిదారు పేర్లుంటాయి. సౌండ్ దగ్గర పీసీ స్పీకర్, యాడ్‌లిబ్, సౌండ్ బ్లాస్టర్, రోలాండ్. చాలామంది ఆ లిస్టులో అన్నిటికన్నా కొత్తదాన్ని పెట్టేసి ముందుకెళ్తారు. 1990 తర్వాతి గేములకు చాలావరకు అది సరిపోతుంది. అంతకు ముందువాటికి చాలాసార్లు కుదరదు. బొమ్మలో రంగులకు బదులు చారలు వస్తాయి, సంగీతం ఒంటి గొంతుతో బీప్‌మంటుంది, కొన్నయితే అసలు మొదలే కావు.

కారణం ఒకటే. ఆ ప్రోగ్రాములు రాసినవాళ్లకు తమ ముందున్న మెషిన్‌లో ఏం లేదో బాగా తెలుసు. ఆ లేనిదాని చుట్టూ దారి వెతుక్కుని రాశారు. మనం మంచి కార్డు పెట్టి ఆ లోటు తీసేస్తే, వాళ్లు వేసిన ఎత్తులు కూడా పనిచెయ్యవు. కాబట్టి కార్డు ఎంత గొప్పదో చూడకండి, ప్రోగ్రాము ఏ ఏడాదిదో చూడండి. ఏ ఏడాదికి ఏది నప్పుతుందో, ఎందుకో చూద్దాం.

ఆఫీసు కోసం పుట్టిన పీసీ

ఐబీఎం పీసీ 1981 ఆగస్టు 12న బయటికొచ్చింది. ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో డాన్ ఎస్ట్రిడ్జ్ నడిపిన టీమ్ సుమారు ఏడాదిలో, బయట దొరికే భాగాలతోనే దాన్ని తయారుచేసింది. 4.77 మెగాహెర్ట్జ్ ఇంటెల్ 8088 ప్రాసెసర్, 16 కిలోబైట్ల మెమరీ. ఫ్లాపీ లేకుండా, మానిటర్ లేకుండా ప్రారంభ ధర 1,565 డాలర్లు. మరుసటి ఏడాది వచ్చిన కమోడోర్ 64 ధర 595 డాలర్లు. అందులో 64 కిలోబైట్ల మెమరీ ఉంది, 16 రంగులున్నాయి, తెర మీద కదిలే బొమ్మల కోసం ఎనిమిది హార్డ్‌వేర్ స్ప్రైట్లున్నాయి, మూడు స్వరాలు ఒకేసారి పలికే సిడ్ చిప్ ఉంది. అంటే రంగు, సంగీతం పెట్టడానికి డబ్బు చాలక పీసీ అలా వచ్చిందనుకోవడానికి లేదు.

ఐబీఎం లెక్క వేరు. కొనేది కంపెనీలు, ముందు కూర్చునేది అకౌంటెంటో టైపిస్టో. రోజంతా అక్షరాలు, అంకెలు చూసేవాళ్లకు అక్షరం తేటగా కనిపించాలి, కాగితం మీద ప్రింటు రావాలి. ఎండీఏ అనే తొలి మోనోక్రోమ్ డిస్‌ప్లే కార్డు మీదే ప్రింటర్ పోర్టు కూడా పెట్టారు. గ్రాఫిక్స్ మోడే లేని కార్డుకి ప్రింటర్ పోర్టు ఉందంటే, ఎవరిని మనసులో పెట్టుకున్నారో వేరే చెప్పనక్కర్లేదు. బొమ్మ కదలాలన్నా, తెర పక్కకు జరగాలన్నా, స్పీకర్‌లోంచి మాట రావాలన్నా మొత్తం భారం ఆ ఒక్క 8088 మీదే.

కాకపోతే మదర్‌బోర్డు మీద అయిదు స్లాట్లు ఇచ్చారు. మీ సెట్టింగుల పేజీలో ఉన్న పేర్లలో చాలావరకు ఆ స్లాట్లలో కూర్చుని, ఐబీఎం వదిలేసిన లోటు ఒక్కొక్కటే పూడ్చిన కార్డులవి.

మన దేశంలో ఈ తేడా మరీ ఎబ్బెట్టుగా కనిపించింది. 1984-85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే కంప్యూటర్ చదువుల ప్రాజెక్టు కింద ఎంపిక చేసిన స్కూళ్లకు బీబీసీ మైక్రో అనే బ్రిటిష్ కంప్యూటర్లు ఇచ్చింది. వాటిలో రంగులుండేవి, మూడు స్వరాల సౌండ్ చిప్ ఉండేది. ఆ స్కూల్లో చదివి, తర్వాత వీధి చివర కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన కుర్రాడికి అక్కడ కనిపించింది ఒకే రంగు అక్షరాలు, బీప్ తప్ప మరో శబ్దం రాని పీసీ. ఫీజు కట్టి మరీ వెనక్కి వెళ్లినట్టు.

డిస్‌ప్లే: మెమరీ ఎంత, బొమ్మ అంత

ఈ కార్డుల మధ్య తేడా అర్థం కావాలంటే మూడు అంకెలు గుర్తుంటే చాలు: 4,000, 16,000, 64,000.

ఎండీఏ తెర మీద వరుసకు 80 అక్షరాలు, 25 వరుసలు, మొత్తం 2,000 గళ్లు. ఒక్కో గడికి రెండు బైట్లు: అక్షరం ఏదో ఒకటి, అది మామూలుగానా, మెరుస్తూనా, అండర్‌లైన్‌తోనా అనేది ఇంకొకటి. మొత్తం 4,000 బైట్లు. కార్డు మీద ఉన్నది 4 కిలోబైట్లే. అంటే బొమ్మకు చోటే లేదు. దానికి బదులు ఒక్కో అక్షరానికి 9 చుక్కల వెడల్పు, 14 చుక్కల ఎత్తు ఇచ్చారు కాబట్టి అక్షరం అచ్చులా ఉండేది.

సీజీఏ అదే ఏడాది వచ్చిన రంగుల కార్డు. 320×200 అంటే 64,000 చుక్కలు. చుక్కకు రెండు బిట్ల చొప్పున 16,000 బైట్లు, కార్డు మీద 16 కిలోబైట్లు. రెండు బిట్లలో నాలుగు రంగులే పడతాయి. ఆ నాలుగూ మన ఇష్టం కూడా కాదు. నేపథ్యం ఒక్కటి మనం ఎంచుకోవచ్చు, మిగతా మూడూ సెట్టుగా వస్తాయి: సయాన్, మెజెంటా, తెలుపు ఒక సెట్టు, ఆకుపచ్చ, ఎరుపు, గోధుమ మరో సెట్టు. 1980ల గేముల స్క్రీన్‌షాట్లలో గడ్డి నీలంగా, మనుషుల ముఖాలు గులాబీగా ఉన్నాయంటే అది ఆర్టిస్టు అభిరుచి కాదు, మొదటి సెట్టు.

ఆఫీసు పనికీ సీజీఏ అంత బాగుండేది కాదు. అక్షరానికి 8×8 చుక్కలే. 80 అక్షరాల మోడ్‌లో ప్రాసెసర్ వీడియో మెమరీని ముట్టుకున్నప్పుడల్లా తెర మీద తెల్లటి చుక్కలు చిమ్మేవి. ఒకే మెమరీని అటు తెర, ఇటు ప్రాసెసర్ ఒకే క్షణంలో అడగడం వల్ల వచ్చే తంటా అది. ఇంగ్లీషులో దానికి స్నో అని పేరు. అందుకే స్థోమత ఉన్న ఆఫీసులు రెండు కార్డులూ, రెండు మానిటర్లూ పెట్టుకునేవి. లోటస్ 1-2-3 అనే లెక్కల ప్యాకేజీలో (స్ప్రెడ్‌షీట్) అంకెలు ఒక తెర మీద, గ్రాఫు రెండో తెర మీద.

మరి ఇంత బీద కార్డుని ఈరోజు ఎందుకు ఎంచుకోవాలి? రెండు ఎత్తుల కోసం. మొదటిది 160×100 మోడ్. మామూలు బొమ్మల మోడ్‌లలో 16 రంగులు రావు, అక్షరాల మోడ్‌లో వస్తాయి. ప్రోగ్రామర్లు ఏం చేశారంటే, గడి ఎత్తుని ఎనిమిది గీతల నుంచి రెండు గీతలకు తగ్గించి, ప్రతి గడిలో సగం నిండి, సగం ఖాళీగా ఉండే ఒకే అక్షరాన్ని నింపారు. నిండిన సగానికి అక్షరం రంగు, ఖాళీ సగానికి నేపథ్యం రంగు. 80 గళ్లు 160 చుక్కలయ్యాయి, 16 రంగులూ వచ్చాయి. లెక్క మళ్లీ 16,000 బైట్లే: వంద వరుసలు, వరుసకు ఎనభై గళ్లు, గడికి రెండు బైట్లు. ఈ ఎత్తు సీజీఏ రిజిస్టర్లను, అంటే కార్డు లోపలి సెట్టింగులను, నేరుగా మార్చి వేసింది కాబట్టి అదే ప్రోగ్రాముని ఈజీఏ, వీజీఏల మీద పెడితే తెర చిందరవందర అవుతుంది. ఇక్కడ గొప్ప కార్డు పెట్టడమే నష్టం.

రెండోది కాంపోజిట్, అంటే టీవీకి ఒకే తీగలో వెళ్లే సిగ్నల్. అమెరికాలో చాలా ఇళ్లలో పీసీని టీవీకి కలిపేవారు. నలుపు తెలుపు 640×200 మోడ్‌లో సన్నటి గీతలు దగ్గర దగ్గరగా గీస్తే, అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతి టీవీ వాటిని రంగులుగా పొరపడుతుంది. ఏ వరసలో గీస్తే ఏ రంగు వస్తుందో లెక్కగట్టి గేములు రాశారు. మామూలు ఆర్‌జీబీ మానిటర్ మీద అవే గేములు చారల దుప్పటిలా ఉంటాయి. మన దేశంలో టీవీలు పాల్ పద్ధతివి, కాబట్టి ఈ రంగులు మనవాళ్లలో చాలామంది అప్పట్లో చూసే అవకాశమే లేదు. ఎమ్యులేటర్‌లో సీజీఏ పెట్టి కాంపోజిట్ ఆన్ చేస్తే ఇప్పుడు చూడొచ్చు. చారలు కనిపించిన గేముకి మొదట ప్రయత్నించాల్సింది ఇదే.

ఈ కార్డుని ఎంత పిండొచ్చో తెలియాలంటే 2015లో వచ్చిన 8088 ఎంపీహెచ్ అనే డెమో, అంటే మెషిన్ సత్తా చూపించడానికే రాసిన ప్రోగ్రాము, వెతికి చూడండి. అసలు ఐబీఎం పీసీ, అసలు సీజీఏ, కాంపోజిట్ తెర మీద 1,024 రంగులు. చివర్లో పీసీ స్పీకర్‌లోంచి నాలుగు ట్రాకుల సంగీతం. ఐబీఎం అమ్మిన ముప్పైనాలుగేళ్లకు తేలిన సంగతి అది.

హెర్క్యులిస్: లిపి కోసం పుట్టిన కార్డు

తెలుగువాళ్లకు దీని కథ బాగా అర్థమవుతుంది. వాన్ సువన్నుకుల్ అనే థాయ్ విద్యార్థి తన డాక్టరేట్ థీసిస్‌ని పీసీ మీద థాయ్ లిపిలో రాయాలనుకున్నాడు. ఎండీఏలో ముందే కాల్చి పెట్టిన 256 అక్షరాలు తప్ప ఇంకేవీ రావు. సీజీఏలో గీసుకోవచ్చు గానీ ఆ చుక్కలు చాలవు. దాంతో తనే కార్డు తయారుచేసుకున్నాడు. 1982లో అది హెర్క్యులిస్ గ్రాఫిక్స్ కార్డుగా అమ్మకానికి వచ్చింది. ఎండీఏ అక్షరాలు అలాగే ఉంచి, 720×348 చుక్కల బొమ్మల మోడ్ అదనంగా ఇచ్చింది, అదీ మామూలు మోనోక్రోమ్ మానిటర్ మీదే. లోటస్ 1-2-3 దీన్ని సపోర్టు చెయ్యడంతో రెండో మానిటర్ కొనే పని తప్పింది, ఆఫీసులు ఎగబడి కొన్నాయి.

థాయ్‌కి వచ్చిన చిక్కే తెలుగుకీ వచ్చింది. స్త్రీ అనే ఒక్క అక్షరం తీసుకోండి: స, కింద తవత్తు, రవత్తు, పైన గుడిదీర్ఘం. ఎనిమిది చుక్కల ఎత్తులో ఇది ఇమడదు. పైగా ఇలాంటి కలయికలన్నీ 256 గళ్లలో పట్టవు. దీనికి మన దేశంలో దొరికిన జవాబు జిస్ట్ కార్డు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలైన ఆ పని తర్వాత పూణేలోని సీడాక్‌కి వెళ్లింది. స్లాట్‌లో ఆ కార్డు పెడితే డీబేస్, వర్డ్‌స్టార్ లాంటి ఇంగ్లీషు ప్యాకేజీల్లోనే తెలుగు, హిందీ వగైరా లిపులు టైపు చెయ్యొచ్చు, తెర మీద చూడొచ్చు. పీసీలో రంగు, పాట లేకపోవడం గురించే అందరూ రాస్తారు గానీ మన భాషలకు అన్నిటికన్నా ముందు తగిలిన లోటు ఇది.

ఇందులో ఇప్పటికీ పనికొచ్చే విషయం ఒకటుంది. ఆ కార్డుతో నింపిన పాత డేటా ఫైళ్లు మీ దగ్గరుంటే, మామూలు డాస్‌లో తెరిచినప్పుడు గీతలు, వింత యూరప్ అక్షరాలు కనిపిస్తాయి. డిస్‌ప్లే సెట్టింగు ఎంత మార్చినా లాభం లేదు. అది ఇస్కీ అనే, భారతీయ లిపుల కోసం చేసిన పాత కోడ్‌లో ఉన్న తెలుగు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. యూనికోడ్‌లో భారతీయ లిపుల అమరిక ఇస్కీని చూసి చేసిందే కాబట్టి ఆ మార్పిడి మరీ కష్టం కాదు.

డాస్‌బాక్స్‌లో హెర్క్యులిస్ పెట్టి ఎఫ్11 నొక్కితే తెర ఆకుపచ్చ, ఆంబర్, తెలుపు రంగుల్లోకి మారుతుంది. పాత వర్డ్ ప్రాసెసర్లకు ఇది మంచి ఎంపిక: మోనోక్రోమ్‌లో అండర్‌లైన్ చేసిన మాట కింద నిజంగానే గీత వస్తుంది, రంగుల కార్డులో అదే మాట నీలంగా మారుతుంది. గేములకు మాత్రం వద్దు. అప్పట్లో హెర్క్యులిస్ ఉన్నవాళ్లు సిమ్‌సీజీఏ అనే చిన్న ప్రోగ్రాము ముందు నడిపి, సీజీఏ గేముల్ని ఒకే రంగులో ఆడేవాళ్లు. గత్యంతరం లేక చేసిన పని అది. ఇప్పుడు మనకా అవసరం లేదు.

టాండీ, ఈజీఏ, వీజీఏ

1984లో ఐబీఎం ఇళ్ల కోసం పీసీజూనియర్ తెచ్చింది. 320×200లో 16 రంగులు, మూడు స్వరాలు, వాటితో పాటు డప్పు శబ్దాలకు పనికొచ్చే నాయిస్. మెషిన్ దెబ్బతింది, 1985లో ఆపేశారు. కానీ దాన్ని చూసి రేడియో షాక్ దుకాణాల టాండీ 1000 అవే రంగులు, అవే స్వరాలు పెట్టుకుని వచ్చి బాగా అమ్ముడుపోయింది. సియెర్రా కంపెనీ తన కింగ్స్ క్వెస్ట్ గేముని మొదట పీసీజూనియర్ కోసమే రాసింది. అందుకని 1984 నుంచి 1988 దాకా వచ్చిన అమెరికన్ గేము ఏదైనా సరే, సెటప్‌లో టాండీ అనే మాట కనిపిస్తే మారు ఆలోచించకుండా అదే పెట్టండి. బొమ్మ ఈజీఏతో సమానంగా ఉంటుంది, ఈజీఏ పెడితే రాని మూడు స్వరాల సంగీతం అదనంగా వస్తుంది. ఈ మొత్తం పోలికలో ఎక్కువమంది పట్టించుకోని మంచి ఎంపిక ఇదే.

ఈజీఏ 1984లోనే వచ్చింది, జనానికి అందేసరికి మరికొన్నేళ్లు పట్టింది. 640×350లో 64 రంగుల్లోంచి 16 ఎంచుకోవచ్చు. కానీ గేములు వాడిన 320×200 మోడ్‌లో అవే పాత సీజీఏ 16 రంగులు. 1987 నుంచి 1990 మధ్య గేములకు సరిపోతుంది, అంతకు మించి చెప్పేదేం లేదు.

1987లో ఐబీఎం పీఎస్/2 మెషిన్లతో పాటు వీజీఏ వచ్చింది. 320×200 చుక్కలు, చుక్కకు ఒక బైటు, మొత్తం 64,000 బైట్లు. 2,62,144 రంగుల్లోంచి ఒకేసారి 256. ఫొటో చూస్తే ఫొటో అనిపించింది ఇక్కడే. అక్షరాలూ బాగుంటాయి కాబట్టి రంగుల్లో రాసిన ఆఫీసు ప్యాకేజీలకు కూడా ఇదే పెట్టుకోవచ్చు. 1990 తర్వాత వచ్చినదేదైనా వీజీఏనే.

ఒకే గేముని అన్నిటి మీదా పోల్చి చూడాలనుంటే 1990 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా డాస్ వెర్షన్ తీసుకోండి. సీజీఏ నుంచి వీజీఏ దాకా నడుస్తుంది. అరగంటలో నేను ఇక్కడ చెప్పిన సగం మీ కళ్లకే తెలుస్తుంది.

సౌండ్: బీప్ నుంచి బ్యాండు దాకా

పీసీ స్పీకర్ వెనక ఉన్నది 8253 అనే టైమర్ చిప్. అది సెకనుకు 11,93,182 సార్లు లెక్కపెడుతుంది. మీరు 2,712 అనే అంకె ఇస్తే, అన్ని లెక్కలకోసారి ఒక అల వస్తుంది, అంటే దాదాపు 440 హెర్ట్జ్ స్వరం. అంతే. వాల్యూమ్ తగ్గించే ఏర్పాటు లేదు, రెండో స్వరం లేదు. స్పీకర్‌కి తెలిసింది ఆన్, ఆఫ్. రెండు మూడు స్వరాలు కలిసి పలికినట్టు అనిపించాలంటే వాటిని ఒకదాని తర్వాత ఒకటి అతి వేగంగా తిప్పేవారు. గలగలమనే ఆ పాత గేము శబ్దం దానిదే. మాటలు పలికించాలంటే ఆన్, ఆఫ్‌లను సెకనుకు వేలసార్లు మార్చాలి. ఆ సేపు ప్రాసెసర్‌కి ఇంకో పని చేసే తీరిక ఉండదు, అందుకే పాత్ర మాట్లాడుతుంటే బొమ్మ కదలకుండా నిలబడేది.

1987కి ముందు గేములకు, టాండీ కుదరకపోతే, స్పీకరే పెట్టండి. వాటికి వేరే దారి రాయలేదు.

1987లో కెనడాలోని క్యూబెక్ నుంచి, మ్యూజిక్ ప్రొఫెసర్‌గా పనిచేసిన మార్టిన్ ప్రెవెల్ యాడ్‌లిబ్ కార్డు తెచ్చాడు. యమహా వైఎం3812 చిప్, తొమ్మిది ఎఫ్ఎం స్వరాలు, అంటే చిప్ తనే కృత్రిమంగా పుట్టించేవి. సంగీతానికి బ్రహ్మాండం. కానీ రికార్డు చేసిన శబ్దం, అంటే మనిషి గొంతు, తుపాకీ పేలుడు, దాని వల్ల కాదు. 1989లో సింగపూర్‌కి చెందిన క్రియేటివ్ అదే యమహా చిప్ పెట్టి, 8 బిట్ల రికార్డింగు శబ్దం జోడించి, పైగా జాయ్‌స్టిక్ పోర్టు కూడా ఇచ్చి సౌండ్ బ్లాస్టర్ అమ్మింది. ఐబీఎం పీసీలో జాయ్‌స్టిక్ పోర్టు లేదు, దానికి విడిగా కార్డు కొని ఒక స్లాటు పోగొట్టుకోవాలి. సౌండ్ బ్లాస్టర్ గెలవడంలో ఆ పోర్టుకీ వాటా ఉందని నా నమ్మకం.

ఈ రెండిట్లో ఏది పెట్టాలన్న ప్రశ్నే లేదు, సౌండ్ బ్లాస్టర్ పెడితే యాడ్‌లిబ్ దాంట్లోనే ఉంటుంది. అసలు చూసుకోవాల్సింది ఏ సౌండ్ బ్లాస్టర్ అన్నది. 1991 నుంచి 1993 మధ్య గేములు కొన్ని సౌండ్ బ్లాస్టర్ ప్రో స్టీరియోని వాడుకున్నాయి. తర్వాత వచ్చిన సౌండ్ బ్లాస్టర్ 16కి ఆ పాత స్టీరియో పద్ధతి రాదు. డాస్‌బాక్స్ మొదట చూపించేది 16 కాబట్టి, ఆ మూడేళ్ల గేములకు దాన్ని ప్రోకి మార్చండి. గేము సెటప్ పోర్టు, ఐఆర్‌క్యూ, డీఎంఏ (కార్డు మెషిన్‌తో మాట్లాడే దారుల నంబర్లు) అడిగితే డాస్‌బాక్స్‌లో 220, 7, 1. అసలు మెషిన్‌లో అయితే ఐఆర్‌క్యూ 7 ప్రింటర్ పోర్టుది కూడా, అక్కడ గొడవ వస్తే 5కి మార్చుకోండి.

రోలాండ్ ఎంటీ-32 వేరే మెట్టు. 1987లో సంగీతకారుల కోసం వచ్చిన పెట్టె అది. 1988 నుంచి సియెర్రా గేములు కొన్నిటికి సంగీతం దీని మీదే కట్టారు. అదే పాట యాడ్‌లిబ్‌లో విన్నాక ఇందులో వింటే వేరే పాటేమో అనిపిస్తుంది. ఒక జాగ్రత్త: ఎంటీ-32, జనరల్ మిడి (మిడి అంటే ఏ స్వరం ఏ వాయిద్యంతో వాయించాలో పరికరానికి చెప్పే పద్ధతి) ఒకటి కాదు. 1991 తర్వాత వచ్చిన జనరల్ మిడి పరికరంలో ఎంటీ-32 సంగీతం వాయిస్తే ఫ్లూట్ ఉండాల్సిన చోట ఇంకేదో మోగుతుంది. ఎమ్యులేటర్‌లో దీనికి అసలు పెట్టె రోమ్ ఫైళ్లు, అంటే దాని చిప్పుల్లోని డేటా, కావాలి, వాటికి కాపీరైటు ఉంది.

ప్రింటర్ పోర్టుకి తగిలించే కోవాక్స్, డిస్నీ సౌండ్ సోర్స్ లాంటి చిన్న డబ్బాలు కూడా ఉండేవి. గేము సెటప్‌లో సౌండ్ బ్లాస్టర్ లేకుండా ఇవి ఉంటేనే పెట్టండి.

1991లో మల్టీమీడియా పీసీ అనే ప్రమాణం వచ్చింది: 16 మెగాహెర్ట్జ్ 386ఎస్ఎక్స్, 2 మెగాబైట్ల మెమరీ, వీజీఏ, సౌండ్ కార్డు, సెకనుకు 150 కిలోబైట్లు చదివే సీడీ డ్రైవ్. మన ఊళ్లలో మల్టీమీడియా కిట్ అని సీడీ డ్రైవ్, సౌండ్ కార్డు, రెండు స్పీకర్లు కలిపి ఒకే అట్టపెట్టెలో అమ్మింది ఆ దశకంలోనే. పైన చెప్పిన ప్రో స్టీరియో గేములు పోను, అక్కడి నుంచి ఎంపికలో టెన్షన్ లేదు: వీజీఏ, సౌండ్ బ్లాస్టర్ 16, అయిపోయింది.

ఎమ్యులేటరా, అసలు మెషినా?

గేములు ఆడటమే పనైతే డాస్‌బాక్స్, ఇంకా నయం డాస్‌బాక్స్ స్టేజింగ్. స్టేజింగ్‌లో పాత మానిటర్ గీతలు తెర మీద చూపించే ఏర్పాటు తనంతట తానే పనిచేస్తుంది, సీజీఏ బొమ్మకు అది చాలా తేడా తెస్తుంది. మొత్తం మెషిన్‌ని, ఆన్ చెయ్యగానే మొదలయ్యే బయోస్‌తో సహా, అప్పటి వేగంతో చూడాలంటే 86బాక్స్. అందులో సీజీఏ స్నో కూడా ఆన్ చేసుకోవచ్చు, ఎవరైనా చూడాలనుకుంటే. కాంపోజిట్ డెమోల స్థాయి ఖచ్చితత్వం కావాలంటే మార్టీపీసీ. అది ఐబీఎం పీసీని సైకిల్ సైకిల్‌గా అనుకరించేందుకు రాసింది, రోజువారీ గేములకు అంత అక్కర్లేదు.

అసలు మెషిన్ కొనాలన్న కోరికను నేను కాదనను, అర్థం చేసుకోగలను. కానీ మన దేశంలో ఉంటూ అమెరికా నుంచి టాండీనో పీసీజూనియరో తెప్పించుకుంటే ముందు కరెంటు సంగతి చూసుకోవాలి. అవి 120 వోల్టులవి, మన గోడలో 230. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గు పెట్టకండి. అక్కడే ఉంటున్నవాళ్లకు ఈ బాధ లేదు, పైగా సెకండ్ హ్యాండ్‌లో టాండీలు దొరికేదీ అక్కడే.

ఇక్కడ పాత స్టాకులో దొరికే 286, 386 (8088 తర్వాతి ఇంటెల్ ప్రాసెసర్లు) బోర్డుల్లో ముందు చూడాల్సింది మదర్‌బోర్డు మీది బ్యాటరీ. నికెల్ కాడ్మియం పీపా బ్యాటరీ అయితే అది కారి చుట్టుపక్కల రాగి గీతల్ని తినేసి ఉంటుంది. అమ్మేవాడు ఆన్ అవుతుందని చెప్పినా సరే, ఆ మూలని దగ్గరగా ఫొటో తీసి పంపమనండి. పచ్చటి పొడి కనిపిస్తే వదిలేయండి.

మానిటర్ ఇంకా పెద్ద తలనొప్పి. ఎండీఏ, సీజీఏ, ఈజీఏ మూడింటికీ అవే తొమ్మిది పిన్నుల సాకెట్లు. మోనోక్రోమ్ మానిటర్‌ని సీజీఏ కార్డుకి తగిలిస్తే పిన్ను పడుతుంది, మానిటర్ కాలిపోవచ్చు. వీజీఏ మానిటర్‌కి ఇవేవీ నేరుగా కలవవు. ఆర్‌జీబీ టు హెచ్‌డీఎంఐ అనే రాస్ప్‌బెర్రీ పై ఆధారిత కన్వర్టర్ దొరికితే సీఆర్‌టీ (పాత గాజు గొట్టం మానిటర్) జోలికి పోకుండా ఇప్పటి తెర మీదే చూడొచ్చు. సీఆర్‌టీ డబ్బా విప్పే పని మాత్రం అలవాటున్నవాళ్లకే వదలండి. ఆపేసిన తర్వాత కూడా లోపల వేల వోల్టులు నిలవ ఉంటాయి.

సౌండ్‌కి పాత కార్డులు వేటాడే బదులు పీకోగస్ చూడండి. రాస్ప్‌బెర్రీ పై పీకో మీద కట్టిన ఒక్క కార్డు, యాడ్‌లిబ్‌గా, సౌండ్ బ్లాస్టర్‌గా, టాండీగా మారుతుంది. ఒక మాట: టాండీ సౌండ్ వాడే పోర్టు అడ్రసు 286 నుంచి పైమెషిన్లలో రెండో డీఎంఏ చిప్‌ది. అందుకే అది ఎక్స్‌టీ తరగతి, అంటే 8088 రకం, మెషిన్లలోనే సాఫీగా నడుస్తుంది.

పీసీయే కావాలా అని కూడా ఒకసారి ఆలోచించుకోండి. 1985 నుంచి 1990 లోపు గేముల బొమ్మ, సంగీతమే మీకు ముఖ్యమైతే, అదే గేముకి అమీగా వెర్షన్ ఉందేమో చూడండి. 1985లో వచ్చిన అమీగాలో 4,096 రంగుల పాలెట్, రికార్డు చేసిన శబ్దం పలికే నాలుగు ఛానెళ్లు మొదటి రోజు నుంచే ఉన్నాయి. పీసీ ఆ స్థాయికి వచ్చేసరికి వీజీఏ, సౌండ్ బ్లాస్టర్ రెండూ రావాల్సి వచ్చింది. మిడి సంగీతం మీద ఆసక్తి ఉంటే అదే ఏడాది వచ్చిన అటారీ ఎస్‌టీ, దానికి మిడి పోర్టులు మెషిన్‌లోనే ఉంటాయి.

సెట్టింగు పెట్టేటప్పుడు

వేగం మర్చిపోకండి. 1984 కంటే ముందు గేములు చాలా వాటికి సమయం కొలిచే పద్ధతే లేదు, 8088 ఎంత వేగంగా నడిపితే అంత వేగం. డాస్‌బాక్స్‌లో వేగాన్ని నిర్ణయించే సైకిల్స్ సెట్టింగుని 300 దగ్గర మొదలుపెట్టి, కదలిక సరిగ్గా ఉందనిపించేదాకా కొద్దికొద్దిగా పెంచండి. వీజీఏ కాలం గేములకు వేలల్లో కావాలి.

ఎమ్యులేటర్‌లో కార్డు మార్చాక గేము సెటప్‌ని కూడా మళ్లీ నడపండి. సియెర్రా పాత గేముల్లాంటివి మెషిన్‌ని తామే కనిపెడతాయి, కానీ ఎక్కువ గేములు మొదటిసారి ఎంచుకున్నదాన్ని ఒక ఫైల్లో రాసి పెట్టుకుంటాయి. మీరు టాండీ పెట్టారు, ఆ ఫైల్లో ఈజీఏ అని ఉంది, తెర నల్లగా ఉంది అంటే మళ్లీ కార్డు మార్చాల్సిన పని లేదు. ఆ ఫైలు తీసేసి సెటప్ ఇంకోసారి నడపండి.